మడతపెట్టిన దుప్పటి

మా మేనత్త ఎంత జాగ్రత్త మనిషంటే, తన వీల్‌చైర్‌కి ఛార్జింగ్ పెట్టాక ఛార్జర్ మీద చేతిరుమాలు కూడా వేయనిచ్చేది కాదు. "దానికీ గాలాడాలి కదే, ఆ కిటికీ తెరువు" అనేది. ఆమె పోయాక, నడవలేని మా అక్కకు ఆ కుర్చీ వచ్చింది.

నిన్న రాత్రి చలికి కిటికీ మూసేశాను. ఛార్జర్ లైటు కళ్ళలో పడుతోందని దాని మీద దుప్పటి కప్పి పడుకున్నాను. ఏదో కాలిన వాసనకు మెలకువ వచ్చింది. కిటికీ బార్లా తెరిచి ఉంది. ప్లగ్ తీసి ఉంది. ఒక మూల మాడిన దుప్పటి, అత్త మడతపెట్టినంత పొందిగ్గా నేల మీద ఉంది.

"అక్కా, నువ్వు లేచావా?"

"నువ్వు ఎత్తకుండా నేనెప్పుడు లేచానే?"

మనసులోనే అత్తకు దండం పెట్టుకున్నాను. అంతలో చీకట్లో ఖాళీ కుర్చీ మోటారు సన్నగా మూలిగింది. ఆ చప్పుడు నా మంచం వైపే వస్తోంది.

తప్పు చేసినవాళ్ళను తిట్టకుండా అత్త ఎప్పుడూ నిద్రపోలేదు.