చేపల బండి

పెద్దవంగర దాటగానే ఒక ముసలమ్మ రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తింది.

దినేశ్ బ్రేక్ వేశాడు. వెనక ట్రాలీలో మంచు కింద క్వింటాల్ చేపలున్నాయి. ఎండ ముదరకముందే జనగామలో సారయ్య ఇంటి దావత్‌కు చేర్చాలి. పోయిన ఎండాకాలం దారిలోనే చేపలు మెత్తబడితే, లోడంతా గుంత తీసి పూడ్చి వచ్చాడు. మళ్లీ అట్లయితే తన బండిని పిలిచేవాళ్లుండరు.

“జనగామకేనా బిడ్డా?”

“ఔ అవ్వా. బస్సొస్తది గద.”

“బండి ఉండంగ బస్సెందుకు?” అంటూ ఆమె ఎక్కి కూర్చుంది.

కొంచెం దూరం పోగానే ఆపమంది. దిగి, టార్పాలిన్ ఎత్తి, ఒక చేప మొప్పలు విప్పి చూసింది.

“కప్పు అవ్వా, మంచు కరుగుతది.”

“సచ్చినయా, బతికినయా చూస్తున్న.”

“మంచుల ఎట్ల బతుకుతయే?”

“అడిగితే గింత కోపమా?”

కొడకండ్లలో చాయ్ అంది. సాసర్‌లో పోసుకుని, ఊదుకుంటూ తాగింది. ఇంకొకటి చెప్పింది.

ట్రాలీ కింద నీళ్లు బొట్లుబొట్లుగా కారుతున్నాయి. దినేశ్ ప్రాణం వాటి మీదే ఉంది.

“జర జల్ది తాగు అవ్వా.”

“నువ్వొక్కనివి జల్ది పోయి ఏం చేస్తవ్ బిడ్డా?”

పాలకుర్తిలో తమలపాకులకని దిగింది. ఆకులు ఏరుకుంటూ, కొట్టతని కోడలికి పానం ఎట్లుందని అడగడం మొదలుపెట్టింది.

ట్రాలీ కింద ఇప్పుడు బొట్లు కాదు, ధార కడుతోంది.

దినేశ్ అవ్వను చూశాడు. ధారను చూశాడు. గేరు వేశాడు.

అద్దంలో ఆమె చెయ్యి ఊపుతూ ఉరికొస్తోంది.

“బస్సొస్తదిలే,” అనుకున్నాడు. మనసు కొంచెం పీకింది. అయినా జనగామ దాకా ఎక్కడా ఆగలేదు.

టెంటు ముందు సారయ్యే ఎదురొచ్చాడు. పొయ్యిలు మండుతున్నాయి. పెద్దపెద్ద గంజులు కడిగి బోర్లించి ఉన్నాయి. సారయ్య టార్పాలిన్ ఎత్తి, ఒక చేపను వేలితో నొక్కి చూశాడు.

“ఇప్పుడే చెరువుల నుంచి తీసినట్టున్నయి బిడ్డా. ఇగ ఎప్పుడైనా నీ బండే.”

దినేశ్ గుండె నిమ్మళమైంది. నవ్వుతూ ట్రాలీ తలుపు గొళ్లెం తీయబోయాడు.

“చేపలు తర్వాత దింపుదువు గని, పెద్దవంగర కాడ నీ బండెక్కుతనన్న మా వంటామె రాములమ్మను ముందు దింపు,” అన్నాడు సారయ్య, “ఆమె చేతి పులుసని చెప్పే గద, గింతమందిని పిలిచిన.”