రెండు అద్దాల నడుమ

కాసులమ్మ చేపల తట్ట దించి, ఆ అద్దాల మేడకు అరచెయ్యి ఆనించింది.

లోపల రమణమూర్తి కుర్చీలోంచి లేచాడు. జాలరిపేటకు కూతవేటు దూరంలో ఉన్న ఆ ఆఫీసుల మేడకు ఆయన మేనేజరు.

మేడంతా ఇటుక తక్కువ, అద్దం ఎక్కువ. అద్దాలకు తగ్గట్టే అద్దెలు.

ఒక్కో అద్దం నిజానికి రెండద్దాలు. మధ్యలో గాలి చొరబడని సందు. అది వెలుగును లోపలికి రానిస్తుంది, వేడిని గుమ్మం బయటే నిలబెడుతుంది. అందుకే అక్కడ ఏసీ బద్ధకంగా తిరుగుతుంది, కరెంటు బిల్లు బుద్ధిగా ఉంటుంది.

మామూలు గ్లాసు పగిలితే టీ పోతుంది. ఈ గ్లాసు మాసినా చాలు, ఉద్యోగం పోతుంది.

మంగళవారం ఆ మేడకు 'హరిత భవనం' సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు వస్తున్నారు.

"గుమ్మం పక్క అద్దం మీద ఆ చేతి మరక ఫొటోల్లో పడిందంటే, అదే నీ ఆఖరి మంగళవారం" అన్నాడు యజమాని పొద్దున్నే ఫోన్లో.

రమణమూర్తికి భయం కూడా వెయ్యలేదు. ఆ మేడలాగే ఆయనా ఎప్పుడో వేడిని లోపలికి రానివ్వడం మానేశాడు.

"గోపీ, మళ్లీ వచ్చింది చూడు."

గార్డు గోపి బయటికి వెళ్లాడు.

"ఏటప్పా, రోజూ ఇదే పనా? అద్దానికి సేపలమ్ముతావేటి?"

"పోతన్నాన్రా తమ్ముడూ. ఒక్క నిమిసం."

ఆమె చెయ్యి తియ్యలేదు. ఈసారి రమణమూర్తే బయటికొచ్చాడు.

"చూడమ్మా, నీ చెయ్యి అచ్చుపడిపోయింది. తుడిచి తుడిచి మావాళ్ల చేతులు అరిగాయి గానీ మరక అరగలేదు."

"నాను సెయ్యి కడుక్కునే ముట్టుకుంతన్నాను బాబూ. సూడు."

చాపి చూపించింది. చూశాడు. అయిదు వేళ్లూ ఉన్నాయి. అద్దం మీద మరకకు నాలుగే. చిటికెనవేలు ఉండాల్సిన చోటు ఖాళీ.

ఆ తేడా ఆయన కంట్లో పడింది గానీ బుర్రలో పడలేదు.

"మంగళవారం దాకా ఇటు రాకు."

"బుదోరం రావొచ్చా బాబూ?"

"రా. వచ్చి ఇక్కడే కాపురం పెట్టు."

గోపి నవ్వాడు. ఆమె నవ్వలేదు. సరేనన్నట్టు తల ఊపి, తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

అన్నమాట ప్రకారం మర్నాడు రాలేదు. మరక మాత్రం ఎక్కడికీ పోలేదు.

అద్దాలు బిగించే సాయిశంకర్‌ని పిలిపించారు. అతను గోటితో అటు గీకాడు, ఇటు గీకాడు.

"ఇది బయటా కాదు, లోపలా కాదు సార్. నడిమినుంది. ఫ్యాక్టరీలో రెండద్దాలూ కలిపి సీలేసినప్పుడు ఎవరిదో చెయ్యి తగిలేసింది. ఇంక దేవుడొచ్చి తుడిచినా పోదు."

"అయితే ఆవిడది కాదా?"

"కాదు సార్."

గోపి తల గోక్కున్నాడు. "మరి ఆయమ్మ రోజూ ఎందుకు ముట్టుకుంతంది సార్?"

"ఎందుకైతే మనకేం? అద్దం మార్పించు."

మార్చారు. పాతదాన్ని పెరట్లో పగలగొట్టి, ముక్కలు లారీకెత్తారు.

మంగళవారం పెద్దలొచ్చారు. కొత్త అద్దంలో తమ మొహాలు చూసుకున్నారు, మేడ బాగుందన్నారు. సర్టిఫికెట్ వచ్చింది, ఉద్యోగం నిలిచింది.

రమణమూర్తికి సంతోషం కూడా వెయ్యలేదు.

బుధవారం కాసులమ్మ వచ్చింది. తట్ట దించింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని అద్దానికి ఆనించింది.

వెంటనే తీసేసింది.

పక్క అద్దం దగ్గరికి వెళ్లింది. దాని పక్కదాని దగ్గరికి వెళ్లింది. మళ్లీ మొదటిదాని దగ్గరికే వచ్చి, కళ్లు అద్దానికి ఆనేంత దగ్గరగా వంగి వెతికింది.

రమణమూర్తి బయటికొచ్చాడు. "ఇప్పుడు ఎంతసేపైనా పెట్టుకోమ్మా. అద్దం కొత్తది."

"పాతది ఏటి సేసినారు బాబూ?"

"పగలగొట్టి పంపించేశాం. ఎవడిదో చెయ్యి పడి పాడైపోయింది."

ఆమె ఏడవలేదు. చేపల ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఎవుడిదో కాదు బాబూ, మా ఇంటాయనది. పోయినేడు సేపల ఏట బందుకి పడవలు ఒడ్డునుండిపోతే, అద్దాల కంపినీలో పనికెళ్లినాడు. సిటికినేలు ముందే నేదు, పడవ తాడుకి నలిగిపోనాది. ఇది బిగించినాక నన్ను తీసుకొచ్చి సూపించినాడు. 'ఒసే, నా సెయ్యి అద్దం నడిమినుండిపోనాది, దీన్నెవుడూ తుడవనేడు' అని ఒకటే నవ్వు."

రమణమూర్తి కొత్త అద్దం వైపు చూశాడు. అందులో తను తప్ప ఏమీ లేదు.

"ఇప్పుడాయన ఎక్కడున్నాడమ్మా?"

"బందు ఎత్తేసినాక ఏటకెల్లినాడు. పడవొచ్చినాది బాబూ."

అంతే చెప్పి తట్ట ఎత్తుకుంది.

సముద్రం తిరిగివ్వని మొగుడి చేతిలో రోజూ కాసేపు చెయ్యి పెట్టి, ఆ తరవాతే చేపలమ్మడానికి వెళ్లే భార్య ఆమె.