చల్లారకముందే

పొద్దున్నుంచి ముసురు. ఆకాశం బోర్లించిన మూకుడులా ఉంది.

"పోయినసారి పరీక్షలో ఏమీ లేదన్నారు. ఇవాళ ఉందంటారేం?" అత్తగారు డాక్టరమ్మని నిలదీసింది. కోడలు గోడకేసి చూస్తూ నిలబడింది. చాన్నాళ్లుగా మంట, దురద, తెల్లబట్ట.

"పోయినసారి శాంపిల్ పక్క ఊరు పంపారు. దారిలో చల్లారిపోయింది. ఈ క్రిమి ఒంటి వేడి ఉన్నంతసేపే ఈదుతుందమ్మా. కదలకపోతే కంటికి ఆనదు. ఇవాళ తీసిన వెంటనే, చల్లారకముందే చూశాను. మీరూ చూడండి."

అత్తగారు మైక్రోస్కోపు మీదికి వంగింది. తోకకప్పల్లాంటివి కొట్టుకులాడుతున్నాయి.

"ఇదెలా వస్తుంది?"

"ఆడా మగా కలిస్తేనే. ఎవరి నుంచి మొదలైందో చెప్పలేం, ఏళ్ల తరబడి ఒంట్లో ఊరికే ఉండగలదు. చాలామంది ఆడవాళ్లకుంది, పైకి చెప్పుకోరు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ మాత్రలు మింగాలి."

"నాకేం లేదుగా, నేనెందుకు?" అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ కొడుకు.

"మగవాళ్లకి పెద్దగా బయటపడదు బాబూ. ఆమె ఒక్కతే మింగితే మళ్లీ నువ్వే అంటిస్తావు."

వరండాలోకి రాగానే అత్తగారు గొంతు తగ్గించింది. "మా ఇంటావంటా లేని రోగం! మీ మామగారికి చెప్పేస్తాను. ఆయన నిన్ను గుమ్మం తొక్కనివ్వరు. ఇంటికెళ్లి పెట్టె సర్దుకో."

"నాకు మీ అబ్బాయి తప్ప ఎవరూ తెలీదత్తయ్యా. నిద్రలేక చన్నీళ్లతో కడుక్కుంటూ కూర్చుంటున్నాను. ఆ బాధ మీకేం తెలుసు?"

అత్తగారు వానకేసి చూసింది.

"గొడుగు మర్చిపోయాను. మీరిక్కడే ఉండండి."

"చంకలోనే ఉందిగా అమ్మా!" అన్నాడు కొడుకు. ఆమె అప్పటికే లోపలికెళ్లిపోయింది. చాలాసేపటికి గానీ రాలేదు.

మధ్యాహ్నం నలుగురూ భోజనానికి కూర్చున్నారు. కోడలి పెట్టె గుమ్మం పక్కనే ఉంది. మామగారు దానికేసి చూశాడు గానీ, భార్య మొహం చూసి అడగలేదు.

కోడలు ఒక మాత్ర తను తీసుకుని, ఇంకోటి భర్త కంచం పక్కన పెట్టింది. అత్తగారు లేచి, పెట్టెని లోపలి గదిలోకి నెట్టేసి వచ్చింది. చేతిసంచిలోంచి తనూ ఒక మాత్ర తీసి మింగింది. మరోటి మామగారి కంచం పక్కన పెట్టింది.

"నాకెందుకే?" అన్నాడాయన.

"నాదీ చల్లారకముందే చూశారు."