ఊ కొట్టేవాళ్లు

కుంట గట్టున తాబేలు తాత రోజూ సాయంత్రం ఒకే కథ చెప్పేవాడు. ఎండిపోతున్న మడుగులోంచి ఒక చేప పక్క కాలువకేసి ఎగురుతుంది. సరిగ్గా అక్కడ తాత ఆపేసేవాడు. చేప నీళ్లలో పడిందని కప్పలు, గట్టు మీదే పడిందని పీతలు ఇల్లు చేరేదాకా వాదులాడుకునేవి.

గోరింకకు ఇదంతా ఒళ్లుమంట. కథన్నాక ఒక ముగింపు ఉండొద్దా?

తాతకు జలుబు చేసిన రోజు కథ తనే అందుకుంది. "చేప కాలువలో పడింది, సుఖంగా ఉంది" అని తేల్చేసింది. అన్నీ బుద్ధిగా ఊ కొట్టి వెళ్లిపోయాయి. మర్నాడు గట్టు మీద ఒక్కటీ లేదు.

"కథకు రారేం?" అని అడిగితే, "అయిపోయిందిగా" అంది కప్ప.

గోరింక చిన్నబోయి తాత దగ్గరికెళ్లింది. "అసలు ఆ చేప ఏమైంది తాతా?"

"తెలిస్తే రోజూ ఎందుకు చెప్తానమ్మా?" అన్నాడు తాత.

తర్వాతి రోజు సాయంత్రం గోరింక అందరినీ బతిమాలి కూర్చోబెట్టింది. "మొన్న చెప్పింది నా కల్పన. నాకు తెలిసిందల్లా, చేప ఎగిరింది" అని ఆగింది.



"ఊ, తర్వాత?" అంది కప్ప.

గోరింక హాయిగా ముక్కు రెక్కలో దూర్చుకుంది.