సివిల్‌కి బస్సు ఉచితం

"సీఎస్ఈకి ఏడాదికి మూడు లక్షలండి, ఈసీఈకి రెండు. సివిల్‌కైతే అరవై వేలే, బస్సు కూడా ఉచితం," కాలేజీ కరపత్రాన్ని సిమెంటు బస్తా మీద పరుస్తూ అన్నాడు లెక్చరర్ కమలాకర్. వేసవంతా పిల్లల్ని పట్టుకురాకపోతే జీతం రాదు.

తాపీమేస్త్రీ యోహాను గోడ కడుతూనే నవ్వాడు. "పుచ్చువంకాయలకి కొసరేసినట్టు ఆ బస్సెందుకండీ?"

"సివిల్‌లో ఎవరూ చేరట్లేదండి. సీఎస్ఈ తీసుకోండి."

"నేను సివిలే చదువుతా," ఇటుక అందిస్తూ అంది కూతురు కెజియా. "నాన్న గోడలు ఎన్నాళ్లు నిలబడతాయో లెక్కేసి చెప్తా."

"నోర్ముయ్యవే! ఇరవయ్యేళ్లుగా ఒక్కటీ పడలేదు. సర్లే, సివిల్ చెప్పేదెవరు సార్?"

"నేనేనండి. పీహెచ్‌డీ కూడా అందులోనే."

యోహాను తాపీ కింద పెట్టాడు. "మరి మీ సరుకు మీరే వద్దంటారేంటండీ?"

కమలాకర్ పక్కనున్న గుండుదారం తీసి గోడకి వేలాడదీశాడు. "అరంగుళం వాలింది మేస్త్రీ."

యోహాను వంగి చూశాడు. నిజమే. కెజియా కిసుక్కున నవ్వింది.

కరపత్రం మడిచి జేబులో పెట్టుకుంటూ కమలాకర్ గొంతు తగ్గించాడు. "ఇక్కడ సూపర్‌వైజరుకి ఎంతిస్తారు?"

"మా కాంట్రాక్టరు ఏడాదికి మూడు లక్షలిస్తాడండి," అన్నాడు యోహాను. "బస్సు ఛార్జీలు మాత్రం మీవే."