ఎర్రగా వెలిగిన బ్రష్

పళ్లు తోమే బ్రష్షులే ఉమ్మి చూసి ఒంట్లో పైకి కనిపించని వాపు ఎంతుందో చెప్పే కాలం అది. స్కూలు వ్యాను నడిపే నూకాలమ్మ బ్రష్ ఆ ఉదయం ఎర్రగా వెలిగింది.

"మూడు నెలలుగా ఒంట్లో వాపు పెరుగుతోంది. నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండొచ్చు. పరీక్ష అయ్యేదాకా బండి నడపకండి," అంది బ్రష్.

బ్రష్ పచ్చగా వెలిగితే తప్ప వ్యాను స్టార్టవదు.

"మావా, ఒక్కసారి నా బ్రష్‌తో నువ్వు తోముకో," అని మొగుడి చేతిలో పెట్టింది.

సింహాద్రి దాన్ని తిరిగిచ్చేశాడు. "నిన్న రైలు గేటు దగ్గర పిల్లలు అరిస్తే గానీ నీకు మెలకువ రాలేదన్నావు కదే."

"అలసటనుకున్నాను."

"కాదు. రాత్రుళ్లు నీ ఊపిరి ఆగిపోతోంది. నేనే తట్టి లేపుతున్నాను. చెబితే నీ పని పోతుందని నోరు మూసుకున్నాను."

ఆమె అతని వైపు తిరిగింది. "మరి నాకంటే ముందు నువ్వు నిద్రపోయిన రాత్రుల్లో నన్నెవరు లేపారు?"

సింహాద్రి ఆమె ఫోన్ తెచ్చి చేతిలో పెట్టాడు.

నూకాలమ్మ స్కూలుకి ఫోన్ చేసింది. పిల్లల కోసం వేరే డ్రైవర్ని పంపమని చెప్పి, అక్కడే గోడకానుకుని కూలబడింది. కళ్లు మూయాలంటేనే భయమేసింది.