పోశం తాగే రసం

రోట్లో బొప్పాయి నలుగుతుంటే, గడప మీద కూర్చున్న సత్తవ్వ కళ్లప్పగించి చూస్తోంది.

కొడుకు రాజలింగు బొగ్గుబాయిలో పనికి కుదిరాక, మెట్‌పల్లి నుంచి రెండు బస్సులు మారి ఆమె ఈ క్వార్టరుకు రావడం ఇదే మొదలు. కొడుకు పొద్దుటి షిఫ్టులో ఉన్నాడు. ఇంట్లో కోడలు సరోజన, రోలు, పొత్రం. మూడింటిలో రోలే కాస్త నెమ్మదస్తురాలు.

బొప్పాయి మీద గాజరగడ్డ, అంటే క్యారెట్టు, పడింది. ఆ వెనక టమాట, నాలుగు పాలకూర ఆకులు, బెల్లం. నిమ్మకాయ పిండితే పులుపు రోట్లో పడి అత్త ముఖంలో తేలింది. పండూ కూరా పచ్చిగా కలిపి నూరి తాగితే బలమని దవాఖానలో నర్సమ్మ చెప్పిందట.

పక్కింటి యాదవ్వ తడిక మీంచి తొంగి చూసింది.

“పోశానికేనా, సరోజన?”

“ఇంకెవరికక్క? పోశం మస్తు చిక్కిపోయిండు. గీ రసం పడ్డంకనే జర ముఖం తేటకొచ్చింది.”

రసం సంగతేమో గాని, సత్తవ్వకు నీరసం వచ్చింది.

ఎవడీ పోశం? మొగుడు కాడన్నది మాత్రం రూఢి. మొగుని పేరు నోటితో పలికే ఆడదాన్ని సత్తవ్వ చూడలేదు. తన మొగుడు కాలం చేశాక కూడా ఆమె పలకలేదు. సరోజనా “ఆయన” అనడమే గాని రాజలింగు పేరెత్తి ఎరగదు. ఈ పేరు మాత్రం రోట్లో బెల్లం కంటే ముందు ఆమె నోట్లో కరుగుతోంది. చెమట తన కొడుకుది, చెంబు పోశానిది. ఇది రసం కాదు, సరసం.

“నా కొడుకు బక్కగున్నడా, బలంగున్నడా?” అంది అత్త, గొంతు అదిమిపెట్టి.

“నువ్వే జూస్తవ్ గద అత్తమ్మ. షిఫ్టు ఇడిసే యాళ్లయింది. జర నడుం వాల్చు, నేనొస్త.”

కోడలు రసాన్ని చెంబులోకి వంచి, మీద కొంగు కప్పి బయలుదేరింది.

సత్తవ్వ నడుం వాల్చలేదు, బిగించింది. అడిగితే బుకాయిస్తుంది. పట్టుకుంటే ఏం చేస్తుంది? ఎడంగా వెంట నడిచి, బాయి గేటు దగ్గర జనం వెనక నిలబడింది. కొడుకూ ఆ గేట్లోంచే రావాలి. మొగుని కళ్ల ముందే ఇస్తుందా? ఎంత తెగువ.

షిఫ్టు సైరను కూత కూసింది. మనుషులు బయటికొచ్చారు. అందరిదీ ఒకటే నలుపు. కన్నతల్లికి సైతం ఆనవాలు చిక్కలేదు.

“పోశం, నీ చెంబొచ్చింది రా,” అని ఎవరో కేకేశారు.

ఒక నల్లటి మనిషి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ వచ్చి, సరోజన చేతిలో చెంబు అందుకుని గటగటా ఎత్తేశాడు. మూతి తుడుచుకోమని ఆమె కొంగు అందించింది.

సత్తవ్వ జనాన్ని తోసుకుంటూ పోయి వాడి రెక్క దొరకబుచ్చుకుంది.

“ఓ రాజలింగు, ఏడున్నవ్ రా? ఇగో, నీ పెండ్లాం చేసే పని సూడు. ఓ రాజ...”

మసి చెయ్యి ఆమె నోరు మూసింది.

“మెల్లగ, అవ్వా,” అన్నాడా మనిషి కొడుకు గొంతుతో, “పోశమనే పేరు మీదనే నేను పనిల చేరిన, అసలు పేరు తెలిస్తే ఇయ్యాల్నే తీసేస్తరు.”